ఓదెలు పేరు ఏ పేజీలో ఉంది

శ్రీరాంపూర్ నుంచి తిరిగొచ్చి పది రోజులైంది. ఏం చూసొచ్చావని ఇంట్లో అందరూ అడిగారు. ఆ దారిలో కోటలున్నాయట, జలపాతాలున్నాయట. నేను ఒక్కటీ చూడలేదు. మూడు రోజులు ఊళ్లు తిరిగి ఒక కాగితం చదివి వచ్చాను. ఎంత భయపడుతూ వెళ్లానో, ఎంత తేలికపడి వచ్చానో చెప్పాలంటే మొదటి నుంచీ చెప్పాలి.

మాది తెనాలి. విజయవాడలో ఇరవై రెండేళ్లుగా జర్మన్ భాష నేర్పుతున్నాను. నా దగ్గరకొచ్చేది ఎక్కువగా నర్సులు, ఇంజనీర్లు. స్రవంతి అనే అమ్మాయి మూడు నెలలు చదివి, కరీంనగర్‌లో రక్తపరీక్షల ల్యాబులో ఉద్యోగం రాగానే మానేసింది. ఆగస్టు మొదట్లో ఒకరోజు ఫోన్ చేసింది.

"మేడం, మా తాతను దొంగ డాక్టర్ అంటుండ్రు. మీరు జర అచ్చి ఒక కాగితం సదివి చెప్పాలె."

వాళ్ల తాత పేరు ఓదెలు. శ్రీరాంపూర్ బొగ్గు గనిలో టింబర్‌మన్‌గా పనిచేసి రిటైరయ్యాడు. గనిలో పైకప్పు కూలకుండా కర్రలు నిలబెట్టేవాణ్ని అలా పిలుస్తారు. రాళ్లలో కనిపించే ఆకుల అచ్చులను చూసి బొమ్మలు గీసి పంపేవాడని, అందుకు జర్మనీలో ఒక విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చిందని, కాలనీలో అందరూ ఆయన్ని ఏళ్ల తరబడి డాక్టర్ ఓదెలు అంటున్నారు. ఈ ఏడాది రిటైరైన కార్మికులంతా కలిసి ఆయనకు సన్మానం తలపెట్టారు. ఫ్లెక్సీ కూడా కొట్టించారు. అంతలో గనిలో కొత్తగా చేరిన ఒక యువ ఇంజనీరు ఆ విశ్వవిద్యాలయం వెబ్‌సైటు తెరిచి, గౌరవ డాక్టరేట్లు పొందినవారి జాబితా అంతా వెతికాడు. ఓదెలు పేరు లేదు. ఆ మాటే కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. మర్నాటికి ఫ్లెక్సీ దిగిపోయింది. ఓదెలు గడప దాటడం మానేశాడు.

"కాగితం ఫోటో తీసి పంపు, ఇక్కడే చదివి చెబుతాను" అన్నాను.

"కాగితం మా ఇంట్ల లేదు మేడం. తాతకు ఉత్తరాలు రాసిపెట్టిన ఉస్మాన్ సార్ కాడున్నది. ఆయన పాత నంబరు కలుస్తలేదు. ఇంకోటి, నేను సదివి చెప్తే ఎవ్వలు నమ్మరు. మనుమరాలు గద అంటరు."

సరే వస్తానన్నాను. ఫోన్ పెట్టేశాక భయం మొదలైంది. నకిలీ పట్టాలు ఎన్నో చూశాను. డబ్బు కడితే శాలువా కప్పి డాక్టరేట్ చేతిలో పెట్టేవాళ్లు ఇప్పుడు ప్రతి ఊళ్లోనూ తయారయ్యారు. ఎవరో ఆ ముసలాయన్ని మోసం చేసి ఉంటే, ఆ సంగతి ఆయన ఎదుట కూర్చుని చెప్పాల్సింది నేనే.

కరీంనగర్

స్రవంతి బస్టాండులో నిలబడి ఉంది. ల్యాబు తెల్లకోటు విప్పకుండానే వచ్చేసింది. తన అద్దె గదిలో నాకోసం పుంటికూర పప్పు, సర్వపిండి చేసి ఉంచింది. పుంటికూర అంటే ఏమిటా అనుకుని నోట్లో పెట్టుకుంటే మా గోంగూరే. మేమూ పప్పులో వేస్తాం కానీ మా మనసంతా పచ్చడి మీదే; వీళ్లు పప్పును ఇంత మెత్తగా వండుతారని నాకు తెలియదు. సర్వపిండి మాత్రం మా వైపు లేదు. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, కారం కలిపి గిన్నె అడుగున ఒత్తి కాలుస్తారు. మూడు తిన్నాను.

"మీ గోంగూర పచ్చడి ఎట్లుంటదో గని, గీ పప్పు ముంగట ఆగది మేడం" అంది స్రవంతి. తెనాలిలో ఆ మాట అంటే గొడవలవుతాయి. అక్కడ కూర్చుని ఒప్పుకున్నాను.

తిన్నాక ఇద్దరం ఫోనులో ఆ విశ్వవిద్యాలయం జాబితా తెరిచాం. దాని పేరు రాయను. రాయొద్దని ఓదెలు గారే చెప్పారు. వందల ఏళ్ల నాటి సంస్థ. మొదటి భాగంలో అక్కడ చదివి పేరు తెచ్చుకున్నవాళ్లు: రసాయన శాస్త్రజ్ఞులు, తత్వవేత్తలు, నక్షత్రాలు లెక్కపెట్టినవాళ్లు, మంత్రులు. రెండో భాగం ఆచార్యులది. మూడోది గౌరవ డాక్టరేట్లు. అందులో రాజులున్నారు, ఫ్యాక్టరీల యజమానులున్నారు, ఒక వయొలిన్ విద్వాంసుడున్నాడు. 'ఓ' అక్షరం కింద నలుగురున్నారు. ఓదెలు లేడు.

"మా తాత ఈళ్ల నడుమ ఎట్ల కూసుంటడు మేడం? అంగి మీద అంగి లేనోడు" అంది స్రవంతి, నవ్వుతున్నట్టే. కళ్లు మాత్రం తడిగా ఉన్నాయి.

తాత సంగతి అప్పుడు వివరంగా చెప్పింది. గనిలో బొగ్గు తీశాక పైకప్పున బూడిద రంగు రాయి బయటపడుతుంది. అందులో ఒక్కోసారి నల్లగా, ఎవరో చెక్కినట్టుగా, ఆకు కనిపిస్తుంది. ఎప్పుడో మనుషులు పుట్టక ముందు పడిన ఆకు. అందరూ దాని కింద నుంచే నడిచిపోయేవాళ్లు. ఓదెలు తలకున్న లైటు ఎత్తి చూసేవాడు. ఇంటికొచ్చి పాత క్యాలెండరు కాగితాల వెనక గీసేవాడు. ఒకసారి రాళ్లను పరిశీలించడానికి ఒక జర్మన్ ప్రొఫెసర్ గనిలోకి దిగాడు. ఓదెలు ఆయన భుజం తట్టి పైకి చూపించాడు. తర్వాత తన బొమ్మలు చూపించాడు. అప్పటి నుంచి ఏళ్ల తరబడి బొమ్మలు జర్మనీకి వెళ్లాయి. వాటితో పాటు ఇంగ్లీషులో ఉత్తరాలు రాసిపెట్టింది కాలనీ బడిలో పనిచేసిన ఉస్మాన్ సార్. ప్రొఫెసర్ చనిపోయే ముందు ఆ కాగితం వచ్చింది. దాన్ని చదివి డాక్టరేట్ అని కాలనీ అంతటికీ చెప్పింది కూడా ఉస్మాన్ సారే.

బయల్దేరే ముందే నేను విశ్వవిద్యాలయం పాత పత్రాల విభాగానికి ఒక మెయిల్ రాశాను. వారంలో జవాబిస్తామని యంత్రం జవాబిచ్చింది. ఆగస్టులో జర్మనీలో సగం ఆఫీసులు సెలవులోనే ఉంటాయి. ఆశ పెట్టుకోలేదు.

మెట్‌పల్లి

మర్నాడు పొద్దున, ఉస్మాన్ సార్ రిటైరయ్యాక స్థిరపడిన మెట్‌పల్లికి బయల్దేరాం. వాన పడి ఆగింది. దారి పొడవునా పసుపు చేలు, వెడల్పాటి ఆకులతో అరటి పిలకల్లా ఉన్నాయి. మా వైపు కూడా పసుపు పండుతుంది కానీ ఇంత దూరం ఎడతెగకుండా చూడలేదు. బస్సు ఆగిన చోట ఒకామె నిప్పుల మీద మక్క కంకులు, అంటే మా మొక్కజొన్న పొత్తులు, కాలుస్తోంది. కంకి ఇరవై రూపాయలు. నిమ్మచెక్కతో ఉప్పూ కారం రుద్ది ఇచ్చింది. ఆ కంకి ధ్యాసలో పడి నా గొడుగు బస్సులోనే వదిలేసి దిగాను. అది నిజామాబాదు వెళ్లిపోయింది.

ఉస్మాన్ సార్ ఇంటికి తాళం ఉంది. తాళానికి తుప్పు కూడా ఉంది. స్రవంతి ముఖం వాడిపోయింది. పక్కింటి అరుగు మీద ఒకామె ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. వేళ్లు ఆగకుండానే తల ఎత్తింది.

"ఉస్మాన్ సారా? ఎన్నడో పోయిండు అవ్వా. కాలు ఇరిగింది. బిడ్డ అచ్చి భైంసకు తోల్కవోయింది."

"నంబరు ఉందా అమ్మా?" అన్నాను.

ఆమె నా మాట యాస పట్టేసింది. "నువ్వు ఆంధ్రదానివా? కూసో. చాయ్ తాగు ముందుగాల." లోపలికి వెళ్లి రెండు గ్లాసులతో వచ్చి, గోడ వైపు చెయ్యి చూపించింది. తలుపు పక్కన సుద్దముక్కతో పది నంబర్లు రాసి ఉన్నాయి. "గండ్ల మూడోది. సార్ బిడ్డది, రజియాది. పోయేటప్పుడు ఆమెనే రాసిపోయింది. ఫోను పోతదేమో గని గోడ యాడికి పోతది?"

మేమెందుకొచ్చామో చెప్పాం. జర్మనీ అనగానే ఆమె వేళ్లు ఆగాయి.

"గాడ బీడీలు తాగుతరా?"

"లేదమ్మా, సిగరెట్లే."

"అయితే మనకేం పని" అని మళ్లీ చుట్టడం మొదలుపెట్టింది. చాయ్‌కి డబ్బులివ్వబోతే ఊరుకోలేదు. మా ఊళ్లో ఇంటికొచ్చిన కొత్తవాళ్లకు మంచినీళ్లు ఇచ్చి ఎవరు మీరని అడుగుతాం. ఇక్కడ చాయ్ పూర్తయ్యాకే ఆమె మా పేర్లు అడిగింది.

స్రవంతి ఫోన్ చేస్తే రజియా ఎత్తింది. కాసేపు విని, గొంతు తగ్గించి అంది: "రా చెల్లె, మేడంను కూడ తోల్కరా. మా అబ్బా నెల దినాల సంది పరేషాన్‌ల ఉన్నడు. గా గ్రూపుల మెసేజ్ ఎవలో నా ఫోనుకు పంపితె ఆయన కూడ చూసిండు. అన్నం సరిగ తింటలేడు."

భైంసా

పొద్దుగూకే వేళకు చేరాం. నిర్మల్ దాటాక నేల నల్లబడింది, చేలన్నీ పత్తి. భైంసా బజారులో దుకాణాల బోర్డుల మీద తెలుగు, ఉర్దూ, మరాఠీ కనిపిస్తాయి. కూరగాయలమ్మే ఆమె నాతో తెలుగులో ధర చెప్పి, పక్కామెతో మరాఠీలో నా చీర గురించి ఏదో అని నవ్వింది. బాగుందనే అనుకున్నాను.

రజియా భర్తకు విత్తనాలు, ఎరువుల దుకాణం ఉంది. ఇంట్లో అడుగు పెట్టగానే జొన్నరొట్టె, శనగపిండితో చేసిన పిట్ల వడ్డించారు. ఉస్మాన్ సార్ చేతికర్ర ఆనించుకుని మంచం మీద కూర్చున్నారు. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి. చొక్కా జేబులో రెండు పెన్నులు. నా చదువు గురించి, తెనాలి గురించి, జర్మన్‌లో నామవాచకాలకు లింగాలెందుకని ఎంతో మర్యాదగా అడిగారు. కాగితం మాట ఎత్తితే మాత్రం, "ముందు తినండి మేడం. పొద్దున చూద్దాం" అన్నారు. స్రవంతి నా వైపు చూసింది. దాచాల్సిందేదో ఉందని ఇద్దరికీ అర్థమైంది.

పొద్దున రజియా బజారు నుంచి వేడివేడి పోహా తెప్పించింది. మా అటుకుల ఉప్మాకు అక్కలాంటిది, పైన సన్న కారప్పూస, కొత్తిమీర. నాకు నోట్లోకి పోలేదు. ఉస్మాన్ సార్ మంచం కింది ఇనుప పెట్టె తీయించి, ప్లాస్టిక్ కవరులోంచి కాగితం తీసి నా చేతికిచ్చారు.

దళసరి కాగితం. కింద ఎర్రటి ముద్ర, విశ్వవిద్యాలయాధిపతి సంతకం. జర్మన్‌లో తప్పు లేదు. నకిలీవాళ్లు ఇంత పొదుపుగా రాయరు, పది విశేషణాలు కుక్కుతారు. నా ఊపిరి మామూలైంది. మళ్లీ మొదటి నుంచి చదివాను. ఎక్కడా డాక్టర్ అన్న మాట లేదు.

ఉస్మాన్ సార్ నా ముఖమే చూస్తున్నారు.

"డాక్టర్ అని లేదు గద మేడం?"

"లేదు సార్."

"నాకు ఎరుక. పదిహేనేండ్ల సంది ఎరుక."

స్రవంతి చేతిలోని ప్లేటు కింద పెట్టేసింది. "మరి చెప్పలేదేంది సార్?"

"చెప్త బిడ్డా, కూసో." ఆయన కర్రను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నారు. "కాగితం అచ్చిన్నాడు నా కాడ చిన్న డిక్షనరీ ఉండె. మొదటి మాట గౌరవం అని దొరికింది. యూనివర్సిటీ అని కింద ఉన్నది. గౌరవ డాక్టరేటే అనుకున్న. ఉరికి పోయి అందరికీ చెప్పిన. స్వీట్లు పంచిన. చాన ఏండ్లకు పెద్ద డిక్షనరీ దొరికితే మాట మాట పట్టి చూసిన. డాక్టర్ కాదు, పౌరుడు అని ఉన్నది. గౌరవ పౌరుడు. సిటిజన్." ఆ చివరి మాట గొంతు తగ్గించి అన్నారు. "నాకు భయమైంది మేడం. ఇంకో దేశం పౌరుడని ఓదెలు పేరు మీద కాగితం ఉంటె? ఎవడన్న చూసి పింఛను ఆపితె? నువ్వు ఈ దేశపోనివే కావంటె? కాగితాల పరేషాన్ ఎట్లుంటదో మాకు ఎరుకే గద. ఇల్లు ఉరుస్తున్నది, తడుస్తది, నా కాడ పెడ్త అని అడిగి తెచ్చి పెట్టెల పెట్టిన. గప్పటి సంది నోరు తెరవలే."

రజియా తండ్రి వెనక నిలబడి వింటోంది. ఆమెకూ ఇది కొత్త సంగతే. "అబ్బా, ఒక్కరికన్న చెప్పాలె గదా" అంది మెల్లగా.

నేను కాగితం ఆయన ఒళ్లో పరిచి, ఆ మాట మీద వేలు పెట్టాను. "సార్, ఇది దేశానికి పౌరుడు అని కాదు. విశ్వవిద్యాలయానికి గౌరవ పౌరుడు. అక్కడ పాత అలవాటు. తమకు మేలు చేసిన బయటివాళ్లను 'మీరు మా ఇంటివాళ్లే' అని చెప్పడానికి ఇస్తారు. పాస్‌పోర్టుకూ పింఛనుకూ దీనికీ ఏ సంబంధమూ లేదు."

"ఏ సంబంధం లేదా?"

"లేదు సార్."

"సర్కారుకు చెప్పే పని లేదా?"

"లేదు."

"పక్కానా మేడం?"

"పక్కా."

ఆయన రెండు చేతులతో ముఖం కప్పుకున్నారు. భుజాలు కదిలాయి. ఏడుస్తున్నారనుకుని రజియా దగ్గరకొచ్చింది. చేతులు తీస్తే నవ్వుతున్నారు, కళ్లనీళ్లతోనే. "అరె ఖుదా! పదిహేనేండ్లు! పోలీసోడు ఇంటి ముంగట బండి ఆపితె చాలు, గీ కాగితం కోసమే అచ్చిండు అనుకునేటోణ్ని." తర్వాత పోహా ప్లేటు దగ్గరకు లాక్కుని మొత్తం తినేశారు. రజియా ఇంకో ప్లేటు తెప్పించింది.

తినడం అయ్యాక తానూ శ్రీరాంపూర్ వస్తానన్నారు. కాలి సంగతి చెప్పి రజియా వద్దంది. "తప్పు చెప్పింది నేను. ఒప్పు చెప్పెటందుకు కూడ నేనే ఉండాలె" అన్నారాయన. పెట్టెలోంచి ఒక కాగితాల సంచి తీసి చంకన పెట్టుకున్నారు. రజియా భర్త దుకాణం కారు ఇచ్చి పంపాడు.

నిర్మల్‌లో ఒక చాయ్

నిర్మల్‌లో చాయ్ కోసం ఆగాం. గ్లాసు పది రూపాయలు, పంచదార రెట్టింపు. అక్కడ నా ఫోను మోగింది. జర్మనీ నుంచి మెయిల్. సెలవుకు వెళ్లని పుణ్యాత్మురాలు ఒకామె జవాబు రాసింది.

గౌరవ డాక్టరేట్ల జాబితాలో మీరడిగిన పేరు ఉండదు, గౌరవ పౌరుల జాబితా వేరే పేజీలో ఉంది, లింకు పంపుతున్నాను అని రాసింది. లింకు నొక్కాను. పొడవైన పేజీ కాదు. బ్యాంకు యజమాని ఒకరు, తోటమాలి ఒకరు, గ్రంథాలయానికి ఇల్లు రాసిచ్చిన ఒక వితంతువు. వాళ్ల మధ్య ఓదెలు. పేరు పక్కన 'గని కార్మికుడు, చిత్రకారుడు, ఇండియా' అని ఉంది.

స్రవంతి ఫోను నా చేతిలోంచి లాక్కుని స్క్రీన్ మీద ఆ పేరును పెద్దది చేసింది, చిన్నది చేసింది, మళ్లీ పెద్దది చేసింది. ఉస్మాన్ సార్ కళ్లజోడు మార్చుకుని చూశారు. చాయ్ దుకాణం అతనికి కూడా చూపించాం. ఏమీ అర్థం కాకపోయినా, "మంచిగున్నది" అన్నాడు.

మెయిల్ చివర ఒక వాక్యం ఉంది. ఆయన ఇంకా ఉన్నారా, ఉంటే దయచేసి తెలపండి, పుట్టిన తేదీ ఒక్కటే మా దగ్గరుంది అని. అది చదివి చెప్పగానే స్రవంతి, "ఉన్నడు అని రాయి మేడం, ఇప్పుడే రాయి" అంది. అక్కడే, బల్ల మీద గ్లాసు పక్కన పెట్టుకుని, ఉన్నారని రాశాను.

శ్రీరాంపూర్

మధ్యాహ్నం దాటాక చేరాం. బొగ్గు లారీలు, తడి రోడ్డు మీద నల్లటి బురద, దాని పక్కనే ముగ్గులు వేసిన వాకిళ్లు. మా ఊళ్లో పొద్దు చూసి, గుడి గంట విని టైము చెబుతారు. ఇక్కడ షిఫ్టు సైరన్‌తో చెబుతారు. ఓదెలు ఇల్లు కాలనీ చివర ఉంది. తలుపులు దగ్గరగా వేసి ఉన్నాయి.

స్రవంతి వాళ్ల అమ్మమ్మ రాజవ్వ తలుపు తీసి, ఉస్మాన్ సార్‌ను చూసి ఆశ్చర్యపోయింది. "అయ్యో సార్, గీ కాలుతోని అచ్చిన్రా!" ఓదెలు లోపల మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు. సన్నటి మనిషి. మోచేతుల మీద నీలి మచ్చలున్నాయి, బొగ్గు పొడి చర్మం కింద ఉండిపోయిన గాయాలవి. లేచి కూర్చున్నాడు కానీ మా ముఖాలు చూడలేదు.

"తాతా, మేడం కాగితం సదివింది. అసలుదే" అంది స్రవంతి.

"డాక్టరా?"

"కాదు ఓదెలూ" అన్నారు ఉస్మాన్ సార్. నిలబడే ఉన్నారు. "నేను తప్పు సదివిన. తప్పని తెలిసినంక భయపడి దాసిపెట్టిన. కాలనీల నిన్ను మాటలనిపిచ్చింది నేను. మాఫ్ చెయ్యి."

ఓదెలు మంచం మీద జరిగి చోటిచ్చాడు. "ముందుగాల కూసో సార్, కాలు నొస్తది" అన్నాడు.

నేను చదవడం మొదలుపెట్టాను. ఒక్కో వాక్యం జర్మన్‌లో చదివి తెలుగులో చెప్పాను. భూమి లోపల పనిచేస్తూ, ఎవరూ అడగకుండానే, ప్రాచీన వృక్షాల ఆకులను గమనించి, ఈనెతో సహా నిజాయితీగా గీసి పంపిన ఓదెలును, ఆ చిత్రాలతో మా విద్యార్థులకు పాఠం చెప్పుకుంటున్నందుకు కృతజ్ఞతగా, ఈ విశ్వవిద్యాలయం గౌరవ పౌరుడిగా...

"ఆగు బిడ్డా."

ఆగాను.

"నిజాయితీ అని ఉన్నదా గండ్ల?"

"ఉంది."

"అయితే ఆళ్లకు తెల్వదన్నట్టు." ఆయన అరచేతులు చూసుకున్నాడు. "దొంగ అని గా పిలగాడు పెట్టింది తప్పేం గాదు. డాక్టర్ సంగతి గాదు నేననేది. ఒక బొమ్మ దొంగది."

రాజవ్వ తలుపు దగ్గర చేతిలో చెంబుతో నిలబడిపోయింది. ఓదెలు చెప్పాడు. ఒకరోజు కప్పున పెద్ద ఆకు కనబడింది, మూరెడు. అంత పెద్దది మళ్లీ చూడలేదు. పై సగం చూసి మనసులో పెట్టుకున్నాడు. కింది సగం చూద్దామని లైటు తిప్పేలోపు కర్ర పటపటమంది. అందర్నీ వెనక్కి ఉరికించాడు. కప్పు కూలింది. మనుషులకేం కాలేదు. ఆకు పోయింది. ఇంటికొచ్చి ఆ పై సగం గీశాడు. సగం ఆకును పంపబుద్ధి కాలేదు. కింది సగం ఇట్లుంటుందని అనుకుని గీసి పూర్తి చేశాడు.

"చూడంది గీసిన. గా పెద్దాయన మెచ్చుకుంట ఉత్తరం రాసిండు గా బొమ్మకే. గప్పటి సంది నాకు అదే రంది. మొన్న దొంగ అని ఫోన్ల రాసిండ్రని ఇంటె, బయటపడ్డది అనుకున్న."

అంత దూరం వచ్చి, ముద్రా సంతకం సరిచూసి, మనిషి గుండెలో ఉన్నది అడగలేదు. స్రవంతి తాత చెయ్యి పట్టుకుంది.

ఉస్మాన్ సార్ అప్పటికే తన సంచిలో వెతుకుతున్నారు. ఆయన రాసిన ప్రతి ఉత్తరానికీ కార్బన్ కాగితం పెట్టి ఒక నకలు దాచుకున్నారట. నీలి అక్షరాలు చెరిగిపోయిన కాగితాలు ఒక్కొక్కటే తీసి, దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూస్తున్నారు.

"మూరెడు ఆకు... మూరెడు ఆకు... ఇగో!" గొంతు పెరిగింది. "గా బొమ్మ తెచ్చినప్పుడు నిన్ను అడిగిన, యాదికున్నదా? ఇంత పెద్దది మొత్తం చూసినవా అని. సగమే చూసిన సార్, సగం అనుకోని గీసిన అన్నవ్."

"అన్నన్నా?"

"అన్నవ్. నేను రాసిన." వేలు పెట్టి ఇంగ్లీషు చదివి, తెలుగులో చెప్పారు: "పై సగం అతను చూశాడు. కింది సగం రాయి కూలడం వల్ల చూడలేదు, ఊహించి గీశాడు. దయచేసి గమనించగలరు."

ఓదెలు ఆ కాగితం చేతిలోకి తీసుకుని నీలి అక్షరాలు చూశాడు.

"ఇంగ్లీషుల ఏం రాసినవో నాకేం ఎరుక సార్" అన్నాడు.

"అడిగితే సదివి చెప్పకపోదునా?"

"నువ్వు పౌరుని సంగతి చెప్పకపోతివి గద."

ఇద్దరు ముసలివాళ్లూ ఒకరినొకరు చూసుకుని నవ్వారు. ఓదెలు నవ్వుతూ నవ్వుతూ వెనక్కి వాలి గోడకు తల ఆనించాడు. "బరువు దిగింది బిడ్డా" అన్నాడు నాతో, తన ఛాతీ మీద చెయ్యి పెట్టి చూపిస్తూ. "గీడ. గిప్పుడే దిగింది."

చెంబులోని నీళ్లు రాజవ్వ ముందు మొగుడికిచ్చింది, తర్వాత మాకు.

చాయ్ కొట్టు దాకా

సాయంత్రానికి మాట కాలనీలో పాకింది. పోస్టు పెట్టిన యువ ఇంజనీరు హెల్మెట్ చేత్తో పట్టుకుని వచ్చాడు. నేను రెండో పేజీ చూపించాను. చాలాసేపు చదివాడు. "నేను డాక్టర్ల పేజీనే చూసిన తాతా. ఇంకో పేజీ ఉంటదని తెల్వలే. గ్రూపుల రాస్త ఇప్పుడే" అన్నాడు.

"రాయి. డాక్టర్ కాదని కూడ రాయి" అన్నాడు ఓదెలు. "గది నిజమే గద."

ఆ కుర్రాడి మీద నాకు కోపం రాలేదు. అనుమానం వస్తే చూడటం తప్పు కాదు. ఇంటికొచ్చి ఒక మాట అడిగి ఉంటే బాగుండేది, అంతే. వెళ్లేముందు, ఆకులు ఇప్పుడు కూడా కనిపిస్తాయని, ఎప్పుడూ తలెత్తి చూడలేదని ఓదెలుకు చెప్పాడు. ఎక్కడెక్కడ చూడాలో, కప్పు మోగే చోట నిలబడొద్దని, ఓదెలు అతనికి అరగంట చెప్పాడు.

మర్నాడు పొద్దున నా బస్సుకు ముందు ఓదెలు ఉతికిన చొక్కా వేసుకుని, "పా సార్, చాయ్ తాగుదాం" అన్నాడు. నెల రోజుల తర్వాత గడప దాటాడు. ఉస్మాన్ సార్ కర్ర వేసుకుని ఒకవైపు, స్రవంతి ఇంకోవైపు, నేను వెనకాల. రిటైరైన కార్మికులు కొట్టు ముందు బల్లల మీద పేపరు పంచుకుని చదువుకుంటున్నారు. ఓదెలును చూసి జరిగి చోటిచ్చారు. ఎవరూ పెద్ద మాటలేమీ అనలేదు. ఒకాయన ఓదెలు మోకాలి మీద ఒకసారి తట్టి పేపరులోకి తల దించుకున్నాడు.

"డాక్టర్ సాబ్‌కు స్ట్రాంగ్ చాయ్!" అని కొట్టాయన లోపలికి కేకేశాడు, ఏళ్లనాటి అలవాటుగా.

"డాక్టర్ గాదే. పౌరున్ని" అన్నాడు ఓదెలు.

"యాడికి?"

"గాడ జర్మనీల ఒక పెద్ద బడికి."

"పౌరుడంటే ఏం జెయ్యాలె?"

ఓదెలు ఆలోచించాడు. "ఏం జెయ్యద్దు. గా బడి మనది గూడ అన్నట్టు."

"అయితే మంచిదే" అన్నాడు కొట్టాయన, చాయ్ అందిస్తూ.

రాజవ్వ పొయ్యి మీద కాల్చిన మక్క కంకులు నాకు సంచి నిండా కట్టింది. బస్సు ఎక్కించడానికి స్రవంతి వచ్చింది. కిటికీ పక్కన సీటు దొరికింది. దారిలో గోదావరి వస్తుంది, తప్పకుండా చూడండి మేడం అని స్రవంతి మరీ మరీ చెప్పింది. బస్సు కదిలాక కిటికీకి తల ఆనించాను. మూడు రోజుల నుంచి సరిగా నిద్ర లేదు. కండక్టరు లేపి కరీంనగర్ వచ్చిందని చెప్పేదాకా నాకు మెలకువ రాలేదు. గోదావరి ఎప్పుడు దాటామో తెలియదు.